నల్లరేగడి నేల, పన్నెండడుగుల సందు: ఒక మాడ్యులర్ ఇంటి కేస్ స్టడీ

ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "మాడ్యులర్ అయితే మూడు నెలల్లో అయిపోతుందట కదండీ, నిజమేనా?" మాడ్యులర్ అంటే ఇంటి భాగాల్ని ఫ్యాక్టరీలో తయారుచేసి, తెచ్చి సైట్‌లో బిగించడం. నిజమే. కాకపోతే ఆ మూడు నెలలకు ముందు ఏం జరగాలో అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. అది చెప్పడానికి ఈ కేస్ బాగా పనికొస్తుందని రాస్తున్నాను. కృష్ణా కాలువల కింద ఒక ఊరు, రిటైరైన మాస్టారి ఇల్లు. ఊరి పేరు, మనుషుల పేర్లు, కంపెనీ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను కూడా. ఇందులో నేను ఇంటివాళ్ల తరఫు స్ట్రక్చరల్ ఇంజనీర్ని, కంపెనీ మనిషిని కాదు.

వాళ్ల పరిస్థితి

ఇంట్లో ముగ్గురు: మాస్టారు, ఆయన భార్య, చక్రాల కుర్చీలో తిరిగే మాస్టారి అమ్మగారు. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఐదు సెంట్ల స్థలంలో పాత పెంకుటిల్లు, ప్రతి కిటికీ మూల నుంచీ ఐమూలగా పాకిన పగుళ్లు. ఎండాకాలం ఆ పగుళ్లు తెరుచుకుంటాయి, వానలు పడ్డాక మూసుకుంటాయి. మాస్టారు ఏటా వాటిలో సిమెంటు కూరి సున్నం వేయిస్తున్నారు. పగులు కాలాన్ని బట్టి కదులుతోందంటే తప్పు గోడది కాదు, కింద ఉన్న నల్లరేగడిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంగుతుంది.

ఊళ్లో మేస్త్రి పది నెలలన్నాడు, వానలు అడ్డం పడితే ఏడాది. డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు ఆ ఏడాదీ ఎక్కడ ఉండాలన్నది. ఆ ఊళ్లో అద్దెకు దొరికే ప్రతి ఇంటికీ నాలుగైదు మెట్లు, ఇరుకు బాత్రూమ్, గుమ్మానికి గడప. మామ్మగారిని రోజూ ఇద్దరు మోసుకుని తిప్పాలి. కొడుకు ఇంటర్నెట్‌లో చూసి మాడ్యులర్ అన్నది ఇందుకే. మాస్టారికి మాత్రం "రేకుల షెడ్డులో ఉండమంటావా" అన్న అనుమానం చివరిదాకా పోలేదు.

కాబట్టి నేను పెట్టుకున్న లెక్క "ఇల్లు ఎంత తొందరగా పూర్తవుతుంది" అని కాదు, "పాత ఇల్లు ఖాళీ చేసిన రోజు నుంచి కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు దాకా ఎంత" అని. ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ కావు. ఈ కేసులో తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ తేడా మీదే నడిచాయి.

కంపెనీ మొదటి ప్రతిపాదన, అది ఎందుకు కుదరలేదు

వాళ్లు ముందు తెచ్చింది వాల్యూమెట్రిక్ పద్ధతి. అంటే గదికి గది ఫ్యాక్టరీలోనే టైల్స్, వైరింగ్, కిటికీలతో సహా పూర్తిచేసి, ట్రైలర్ మీద తెచ్చి, క్రేన్‌తో దింపి ఒకదానికొకటి బిగించడం. రాంచీ లైట్ హౌస్ ప్రాజెక్టు ఫొటోలు చూపించారు. అది మంచి ఉదాహరణే, కాదనను. కేంద్రం 2021 జనవరి 1న కొత్త పద్ధతుల్లో ఇళ్లు కట్టి చూపడానికి ఆరు నగరాల్లో మొదలుపెట్టిన ప్రాజెక్టుల్లో అదొకటి. అక్కడ కాంక్రీటు గదులను పోతపోసి, వాటిని పేర్చి 1008 ఇళ్లు కట్టారు. కానీ అక్కడ ఒకే రకం గది వందలసార్లు వస్తుంది, క్రేన్ నిలబడటానికి చోటుంది. ఇక్కడ ఒక్క ఇల్లు, పన్నెండడుగుల సందు, సందు మలుపులో కరెంటు స్తంభం.

మామూలు లారీ వెడల్పు మన రూల్స్ ప్రకారం 2.6 మీటర్లు దాటకూడదు. మూడు మీటర్ల గది తేవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. హైవే మీద అది దొరికినా మన సందు ఒప్పుకోదు. టేపు పట్టి మలుపు కొలిచి చూపిస్తే కంపెనీవాళ్లు "అయితే 2.4 మీటర్ల వెడల్పుతో చేద్దాం" అన్నారు. అప్పుడు గోడలు పోను లోపల మిగిలేది 2.15 మీటర్లు. మామ్మగారి మంచానికి మూడడుగులు తీసేస్తే నాలుగడుగుల చిల్లర. చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగాలంటే ఐదడుగులు, అంటే మీటరున్నర కావాలి. ఎవరి కోసం ఇల్లు కడుతున్నామో ఆవిడే తిరగలేని గది అది. రెండు పెట్టెలు కలిపి ఒక గది చేయొచ్చు, కానీ గది నడిమధ్యన నేలలో, పైకప్పులో అతుకు వస్తుంది. ఆ పెట్టెల్ని తీగల పైనుంచి దించాలంటే లైన్ ఆపించి పెద్ద క్రేన్ తేవాలి, దాని కాళ్లు చాపడానికి పక్కింటివాళ్ల వాకిలి కావాలి. వద్దన్నాను.

వద్దన్నది పెట్టెల్ని, మొత్తం మాడ్యులర్‌ని కాదు. ఇంట్లో అతి తక్కువ చోటులో అతి ఎక్కువమంది పనివాళ్లు దిగేది బాత్రూమ్‌లోనే. ప్లంబర్, టైల్స్ మేస్త్రి, వాటర్‌ప్రూఫింగ్ వాడు, ఎలక్ట్రీషియన్, ఒకరి పని ఇంకొకరు పాడుచేసుకుంటూ. తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో కూడా ఎక్కువ అక్కడివే. అందుకని బాత్రూమ్ ఒక్కటి పూర్తి పాడ్‌గా, అంటే లోపలి పనంతా అయిపోయిన ఒకే పెట్టెగా, ఫ్యాక్టరీ నుంచి తేవాలి, మిగతా ఇల్లంతా సన్నటి గాల్వనైజ్డ్ స్టీలు ఫ్రేముల ప్యానెళ్లుగా రావాలి. ఆ రంగంలో దీన్ని ఎల్‌జీఎస్‌ఎఫ్ (లైట్ గేజ్ స్టీల్ ఫ్రేమ్) అంటారు. అగర్తలా లైట్ హౌస్ ప్రాజెక్టులో వాడింది కూడా ఈ కుటుంబానిదే. ఒక ప్యానెల్‌ని నలుగురు మోయగలరు, చిన్న ఐషర్ బండిలో వస్తుంది. పాడ్ రెండు టన్నుల లోపు కాబట్టి సందులో దూరే హైడ్రా, అంటే చిన్న క్రేన్ బండి, చాలు.

"తేలికైన ఇల్లు కాబట్టి పునాది ఖర్చు తగ్గుతుంది"

ఈ మాట మీద ఎక్కువసేపు ఆగాలి. బ్రోషర్లలో బాగా కనిపించే వాక్యం ఇదే, మన నేలల్లో బాగా దెబ్బతీసేదీ ఇదే.

మెత్తటి నేలకి తేలికైన ఇల్లు మంచిదే, కుంగుడు తగ్గుతుంది. కానీ నల్లరేగడి సమస్య కుంగడం ఒక్కటే కాదు, పైకి తోయడం కూడా. బరువైన ఇటుక ఇల్లు ఆ తోపుని కొంతవరకు అణిచిపెడుతుంది. తేలికైన ఇంటిని అది సులువుగా లేపుతుంది, అదీ అంతటా ఒకే తీరున కాదు. బాత్రూమ్ నీళ్లు ఇంకే మూల ఒకలా, ఎండ తగిలే మూల ఒకలా. దీనికి గాలి తోడవుతుంది. విజయవాడ, విశాఖ వైపు డిజైన్‌కి తీసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి కప్పును పైకి పీకుతుంది. ఇటుక ఇంటికి సొంత బరువే సగం కాపలా. ఇక్కడ ఆ బరువు లేదు కాబట్టి ఇంటిని నేలకి కట్టెయ్యాల్సిందే.

కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో నేల మీద పరిచిన ఆరంగుళాల కాంక్రీటు పలక ఉంది, అంతే. దాన్ని తీసేసి అండర్-రీమ్డ్ పైల్స్ పెట్టాను, అంటే నేలలోకి లోతుగా దించిన, అడుగున గుబ్బ ఉన్న కాంక్రీటు స్తంభాలు. 300 మిల్లీమీటర్ల పైలు, అడుగున 750 మిల్లీమీటర్ల గుబ్బ, మూడున్నర మీటర్ల లోతు. అక్కడ తేమ పెద్దగా మారదు కాబట్టి ఆ గుబ్బ నేల ఉబ్బినా కదలదు, గాలి పీకినా ఊడదు. పైల్స్ మీద బీములు, బీము అడుగుకీ నేలకీ మధ్య 80 మిల్లీమీటర్ల ఖాళీ. ఈ ఖాళీ చూసి స్థానిక మేస్త్రి "కింద మట్టి కూరకుండా వదిలేస్తామా సార్" అని మొహం అదోలా పెట్టాడు. అది నేల ఉబ్బడానికి వదిలిన చోటు, అక్కడ మట్టి కూరితే పైల్స్ వేసిన డబ్బంతా దండగ అని చెప్పాక కూడా మనసొప్పక వదిలాడు. అదే కారణంగా లోపలి నేల కూడా మట్టి మీద ఆనించలేదు, బీముల మీద స్లాబుగా వేశాం. పునాది ఖర్చు తగ్గలేదు సరికదా, మేస్త్రి చెప్పిన మామూలు ఫుటింగుల కన్నా పెరిగింది.

పైకప్పు విషయంలో కూడా ఇదే ఆలోచన. పఫ్ షీట్లు (మధ్యన ఫోమ్ ఉన్న రేకులు) వేస్తే చవక, తేలిక. కానీ మాస్టారి భార్య "వడియాలు ఎక్కడ పెట్టుకోను, మిరపకాయలు ఎక్కడ ఆరబోసుకోను" అన్నారు, అది చిన్న మాటేం కాదు. డెక్ షీటు (మడతల స్టీలు రేకు) మీద కాంక్రీటు వేస్తే దాబా వస్తుంది, కప్పుకి బరువు వచ్చి గాలి పీకుడుకి ఎదురు నిలుస్తుంది, సెంట్రింగ్ అక్కర్లేదు. నష్టం ఏంటంటే క్యూరింగ్ తడి పని కొన్నాళ్లు తిరిగొస్తుంది. ఆ నష్టం ఒప్పుకున్నాం.

ముగ్గు పోసి చూసుకోవడం

ఇటుక ఇంట్లో గోడ లేచాక "ఈ కిటికీ ఇటు జరుపు మేస్త్రీ" అంటే జరుపుతాడు. మనం అలవాటు పడింది అలాంటి కట్టుబడికే. నిర్ణయాలు కడుతూ కడుతూ తీసుకుంటాం. ఫ్యాక్టరీలో అది కుదరదు. ఫైలు మెషీన్‌లోకి వెళ్లాక స్టీలు చుట్ట విప్పుకుంటూ ఒక్కో ముక్క కోసి, వైరు దూరే రంధ్రం కూడా గుద్ది, మీద నంబరు అచ్చేసి బయట పడేస్తుంది. స్విచ్ బోర్డు ఎక్కడో అప్పటికే తేలిపోయి ఉండాలి.

ప్లాను కాగితం చూసి సరే అనేవాళ్ల మాట నేను నమ్మను. త్రీడీ బొమ్మ చూసి అనే మాట అసలు నమ్మను, అందులో అన్ని గదులూ విశాలంగానే ఉంటాయి. అందుకని ఊరి చివర ఖాళీ కళ్లంలో ఇంటి ప్లాను పూర్తి సైజులో ముగ్గు పోయించాం. గోడ మందం రెండు గీతలుగా, తలుపులు తెరుచుకునే దిశతో సహా. మామ్మగారిని కుర్చీలోనే అందులోకి తోసుకెళ్లారు. మంచం దగ్గర నుంచి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు కుర్చీ చక్రం ముగ్గు గీతని చెరిపేసింది, అదే చోట, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. కాగితం మీద ఆ తలుపు 750 మిల్లీమీటర్లు. సరిపోతుందని అందరం అనుకున్న కొలతే, నేరుగా వెళ్తే సరిపోతుంది కూడా, కానీ వసారాలోంచి మలుపు తిరుగుతూ దూరాలి. దాన్ని 900 చేసి, లోపలికి తెరుచుకునే తలుపు తీసేసి పక్కకి జరిగేది పెట్టాం. అప్పుడే ఆవిడ "మరి ఉయ్యాలబల్ల?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఊగే బరువు కప్పు ఫ్రేముకి ముందే తెలియాలి. ఆ రెండు కొక్కేల దగ్గర జంట ఫ్రేములు వేయించాం. అదే మాట ఇల్లయ్యాక అడిగితే సీలింగ్ విప్పాల్సి వచ్చేది.

ద్వారబంధం సంగతి కూడా అక్కడే తేలింది. మంచి రోజు చూసి టేకు ద్వారబంధం నిలబెట్టాలి, తలుపు ప్యానెల్‌తో పాటే వస్తుందని కంపెనీ అంటుంది. ప్యానెల్‌లో ద్వారం ఖాళీని రెండు వైపులా అర అంగుళం పెంచి వదిలాం. ప్యానెళ్లు నిలిచాక ముహూర్తం వేళకి ద్వారబంధం దింపొచ్చు. లారీ ఏ వారం రావాలన్నది పంతులుగారి పంచాంగం చూసి రాసుకున్నాం, అమ్మకం వాళ్ల షెడ్యూల్ చూసి కాదు.

ఈ డ్రాయింగ్ పని మూడు నెలలు పైనే పట్టింది. కొడుక్కి విసుగొచ్చింది, "ఇంకా ఒక్క ఇటుక కూడా కదల్లేదు అంకుల్" అని ఫోన్లు. కదలకూడదనే నా పట్టుదల. ఈ మూడు నెలలూ వాళ్లు సొంత ఇంట్లోనే ఉన్నారు. పాత ఇల్లు పడగొట్టింది డ్రాయింగులు ఫ్రీజ్ అయ్యి, ఫ్యాక్టరీలో పని మొదలయ్యాకే. ఇక్కడ పైల్స్ తవ్వుతుంటే అక్కడ ప్యానెళ్లు తయారయ్యాయి. ఇటుక ఇంట్లో పునాది అయితే గాని గోడ లేవదు, గోడ లేస్తే గాని స్లాబు రాదు. మాడ్యులర్‌లో తొందర వచ్చేది ఈ రెండు పనులూ పక్కపక్కన నడవడం వల్లే గానీ, కూలీలు వేగంగా పనిచేయడం వల్ల కాదు.

బ్యాంకు

మొదటి బ్యాంకు కుదరదంది. గృహరుణం విడతలుగా ఇస్తారు, పునాది ఫొటో, స్లాబు ఫొటో, ప్లాస్టరింగ్ ఫొటో. మన ఇంట్లో గోడలన్నీ ఎక్కడో ఫ్యాక్టరీలో ఉన్నాయి, కంపెనీ సగం పైన అడ్వాన్సు అడుగుతోంది. స్థలం మీద లేని గోడకి బ్యాంకు డబ్బెందుకు ఇస్తుంది? వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే. అవతల కంపెనీ మూతపడితే ఆ ముక్కలు ఎవరివి?

రెండో బ్యాంకుకి వెళ్లే ముందు కంపెనీతో ఒప్పందం తిరగరాశాం. అడ్వాన్సు తగ్గించి, దానికి కంపెనీ బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. పునాది విడత, ప్యానెళ్లు సైట్‌లో దిగాక ఒక విడత, ఫ్రేము నిలబెట్టి కప్పు వేశాక ఒకటి, చివర్లో కొంత పట్టి ఉంచి ఒక వానాకాలం గడిచాక. ఇలా అయితే బ్యాంకు వాల్యుయర్‌కి ప్రతి విడతకీ చూడ్డానికి సైట్‌లో ఏదో ఒకటి ఉంటుంది. అడ్వాన్సు కొడుకు పంపాడు. అలా పంపగలిగే కొడుకు లేని ఇంటికి ఇది ఎక్కడ ఆగిపోయేదో చెప్పక్కర్లేదు.

సైట్‌లో తేడా కొట్టినవి

మొదటిది యాంకర్ బోల్టులు. బీముల్లో ముందే పాతేసే బోల్టుల మీద ప్యానెల్ కూర్చోవాలి. స్థానిక బృందం తాడు లాగి, మూలమట్టం పెట్టి బాగానే చేశారు, వాళ్ల లెక్కలో. అంగుళం అటూ ఇటూ అయితే ఇటుక గోడ సర్దుకుంటుంది. ఫ్యాక్టరీ ప్యానెల్‌కి ఐదు మిల్లీమీటర్లు దాటితే కష్టం. ప్యానెళ్లు బయల్దేరక ముందే అడుగు ట్రాకులు (ప్యానెల్ అడుగున ఉండే స్టీలు పట్టీలు) మాత్రం తెప్పించి పరిచి చూశాం, చాలాచోట్ల రంధ్రంలో బోల్టు కూర్చోలేదు. బోల్టులు వంచుదామన్నారు, కుదరదన్నాను. ట్రాకు కోసి పొడవాటి గాడి చేద్దామన్నారు. గాలి పీకేటప్పుడు బరువంతా పడేది సరిగ్గా అక్కడే, అదీ వద్దు. పాత బోల్టులు కోసేసి, ట్రాకు సరైన చోట పెట్టి, అందులోంచి డ్రిల్ చేసి కెమికల్ యాంకర్లు, అంటే రంధ్రంలో జిగురు నింపి పాతే బోల్టులు, వేశాం. కొన్నింటిని జాకీతో లాగి పరీక్ష చేశాం. బీము అంచుకి దగ్గరగా పడ్డ చోట యాంకర్ బలం తగ్గుతుంది కాబట్టి అక్కడ పొడవైన ప్లేటు వేసి బోల్టుని మధ్యకి తెచ్చాం. ఇలాంటి పనికి ఇక ముందే పాతే బోల్టులు నేను రాయను, మన సైట్లలో మొదటి నుంచీ డ్రిల్ చేసే యాంకరే మేలు.

పాడ్ మాత్రం సాఫీగా కూర్చుంది, దానికి కారణం ముందే పట్టుకున్న ఒక కొలత. పాడ్‌కి సొంత నేల ఉంటుంది, దాని మందం నాలుగైదు అంగుళాలు. మామూలు స్లాబు మీద పెడితే బాత్రూమ్ అంత ఎత్తున ఉంటుంది, కుర్చీ ఎక్కదు. ఆ చోట స్లాబుని అంత మేర దించి పోయించాం. పాడ్ దిగాక లోపలి టైలు, బయటి టైలు ఒక మట్టంలోకి వచ్చాయి.

రెండో తేడా, కిటికీల దగ్గర చెమ్మ. గృహప్రవేశం అయిన కొన్నాళ్లకే గాలివాన కొట్టింది, పడమటి కిటికీ కింద బోర్డు తడిసింది. విప్పి చూస్తే డ్రాయింగులో ఉన్న రేకు ఫ్లాషింగ్ అక్కడ లేదు, దాని బదులు సిలికాన్ పూసి వదిలేశారు. సిలికాన్ మన ఎండకి ఎన్నాళ్లు ఉంటుంది? ఆ వైపు కిటికీలన్నీ విప్పించి, నీళ్లు లోపలికి వచ్చినా బయటికే జారిపోయేలా ఫ్లాషింగ్ వేయించాం. ఇందుకే చివరి విడత వానాకాలం దాకా పట్టి ఉంచింది. ముక్కలుగా వచ్చే ఇంట్లో ముక్క బాగానే ఉంటుంది, ఫ్యాక్టరీలో చెక్ చేసే వస్తుంది. చూడాల్సింది అతుకు. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్రీకాస్ట్ (ముందే పోతపోసిన ప్యానెళ్లతో కట్టిన) భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలితే ఒక మూల మూలంతా కూలింది. ప్యానెళ్లు బలంగానే ఉన్నాయి, వాటిని కలిపిన అతుకులే నిలవలేదు. అది ఎక్కడ, మన ఒంటి అంతస్తు ఎక్కడ, నిజమే. కానీ సైట్‌కి వెళ్తే నా కళ్లు ముందు ఎక్కడికి పోతాయో చెప్తున్నాను.

ఇంకోటి, ఫ్రీజ్ అయ్యాక కొడుకు వంటింటి కిటికీ ఒక అడుగు జరపమని మెసేజ్ పెట్టాడు. అప్పటికి ముక్కలు కోసేశారు. ఆ గోడ మళ్లీ చేయించడానికయ్యే ఖర్చు, ఆగే రోజులు లెక్క వేసి పంపితే అతనే వద్దన్నాడు. లెక్క చూపకుండా "కుదరదు" అని ఉంటే గొడవయ్యేది.

చివరికి ఏం తేలింది

మొదటి మీటింగ్ నుంచి గృహప్రవేశం దాకా చూస్తే మేస్త్రి చెప్పిన పది నెలలకీ దీనికీ పెద్ద తేడా లేదు. కానీ వాళ్లు ఇల్లు వదిలి ఉన్నది నాలుగు నెలలే. సమయం తగ్గలేదు, ఇల్లు పడగొట్టక ముందుకి జరిగింది. మామ్మగారి లెక్కలో తేడా అంతా అదే. ఖర్చు మేస్త్రి అంచనా కన్నా దాదాపు ఐదో వంతు ఎక్కువైంది. చవక అనుకుని మాడ్యులర్‌కి వచ్చేవాళ్లకి, ఒక్క ఇంటికైతే, నేను ముందే వద్దని చెప్తాను.

వేడి గురించి అడుగుతారు కాబట్టి: గోడల్లో రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి పీచు) ఉంది, మధ్యాహ్నం పాత ఇంటికన్నా నయం, రాత్రి త్వరగా చల్లబడుతుంది. కానీ పడమటి గోడకి నీడ లేకపోతే ఏసీ మీద ఆధారపడాల్సిందే. చుట్టాలు వచ్చినప్పుడల్లా గోడ మీద వేళ్లతో కొట్టి చూస్తారు, డొల్ల శబ్దం వస్తుంది. మాస్టారు మొదట్లో చిన్నబుచ్చుకునేవారు, ఇప్పుడు ఆయనే కొట్టి చూపిస్తున్నారు. బరువైనవి తగిలించాలంటే ఫ్రేము ఎక్కడుందో తెలియాలి, అందుకని గోడల లోపలి డ్రాయింగులు లామినేట్ చేయించి మీటరు బోర్డు తలుపుకి లోపలివైపు అంటించాం. రేపు వచ్చే ఎలక్ట్రీషియన్ అది చూడకుండా డ్రిల్ పెడితే వైర్లోకే పోతుంది.

బీముల మీద గుర్తులు పెట్టి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం లెవల్ చూశాం. చెప్పుకోదగ్గ కదలిక లేదు, కిటికీ మూలల్లో పగుళ్లు లేవు. వంటింటికీ పాడ్‌కీ మధ్య అతుకులో వెంట్రుకంత గీత వచ్చింది, దాన్ని చూస్తున్నాం.

ఇప్పుడు కొడుకు పైన ఒక గది వేద్దామంటున్నాడు. పైల్స్ ఆ బరువు మోస్తాయి, అంతవరకు మొదట్లోనే మిగులు పెట్టాను. గోడల ఫ్రేములు మోయవు, వాటి మీద పెట్టనివ్వను. వేయాలంటే పైల్స్ దగ్గర నుంచి విడిగా స్టీలు స్తంభాలు లేపాలి, అవి మామ్మగారి గది మూలలోంచి పోతాయి. ముందు ఆ స్తంభాల చోట ఇంట్లోనే అట్టపెట్టెలు పెట్టుకుని, ఆవిడ కుర్చీతో ఒక నెల తిరిగి చూడమన్నాను.